గవినిదొర కుడిచెయ్యి

ఐలన్న నోట్లో ఉన్నది సున్నం.

సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ దానియేలు మోకాళ్ల మీద కూర్చుని, చేతిరుమాలు వేలికి చుట్టుకుని, శవం పెదవులు కొంచెం విడదీశాడు. లోపల తెల్లటి ముద్ద. దాని చుట్టూ నాలుకా చిగుళ్లూ ఉడికిపోయి పొక్కులు లేచి ఉన్నాయి. చచ్చినవాడి నోట్లో కుక్కితే ఇన్ని పొక్కులు రావు. ఊపిరి ఉండగానే కుక్కారు. ఉమ్మి తగిలిన కొద్దీ సున్నం లోపల కాలుతూ పోయింది.

దానియేలు లేచాడు. రుమాలు పారేసి, నాలుగడుగులు పక్కకు వెళ్లి ఉమ్మేశాడు. బర్మా యుద్ధంలో మూడేళ్లు మిలటరీ పోలీసుగా తిరిగిన మనిషికి శవాలు కొత్త కాదు. కానీ ఒక ముసలివాడి నోటినే గురిచూసి చంపడం అతను అక్కడ కూడా చూడలేదు.

"ఏవండీ దానియేలు గారూ, వాంతి వస్తోందా?" గొడుగు కింద నుంచి నవ్వాడు ఇన్‌స్పెక్టర్ పరాంకుశరావు. నిజాం రాజ్యం పోయాక బెజవాడ వైపు నుంచి డిప్యుటేషన్ మీద వచ్చి, ఏడాదిగా గవినిపాడు ఠాణా ఏలుతున్న మనిషి. "మీరు హైదరాబాదు నుంచి ఇంత దూరం రావలసిన కేసు కాదిది. అడవిలోని కమ్యూనిస్టు దళంవాళ్లు చంపేశారు. కాగితం కూడా పెట్టి పోయారు, చూడండి."

కాగితం మీద రెండే మాటలు: 'ద్రోహికి శిక్ష.' శవం గుండెల మీద రాయి కింద దొరికిందట. కాగితం పొడిగా ఉంది. సిరా ఎక్కడా చెదరలేదు.

"ముద్దాయి కూడా దొరికేశాడు," అన్నాడు పరాంకుశరావు. "పాండు అని కూలోడు, ఆ దళం మనిషే. వారం కిందట ఈ ఐలన్న గుడిసె ముందు కొట్లాడాడు, నలుగురు చూశారు. నాలుగు గంటల లారీలో మిలటరీ క్యాంపుకి పంపించేస్తున్నాను."

ఆ లారీ ఎక్కిన మనుషుల్లో ఎందరు తిరిగి వచ్చారో దానియేలుకు తెలుసు. చేతి గడియారం చూశాడు. పదకొండూ పది.

మోతె దాటాక లోపలికి ఉండే ఊరు గవినిపాడు. పాత కోట కూలిపోగా మిగిలింది ఒక్క గవిని, అంటే కోట వాకిలి. దాని పక్కన మోకాలెత్తు గద్దె, గద్దె మీద పోరులో పడ్డ వీరుణ్ణి చెక్కిన నిలువెత్తు వీరగల్లు, రాతి పాదాల దగ్గర ఐలన్న శవం. చచ్చినవాడు తరతరాలుగా దొరల వంశకథ చెప్పే ఇంటివాడు. జాగీర్లు రద్దయి రెండు నెలలైంది. పట్టం పేరున ఇనాం భూములు అనుభవిస్తున్నవాళ్లంతా ఆ పట్టం మొదట ఎందుకు వచ్చిందో రుజువు చేయాలని సర్కారు నోటీసులిచ్చింది. 'గవినిదొర' పట్టం పుట్టుక గురించి విచారణ అధికారి ముందు రేపు పది గంటలకు సాక్ష్యం చెప్పవలసినవాడు ఐలన్నే. దానియేలు వచ్చింది ఆ సాక్షిని జాగ్రత్తగా తీసుకుపోవడానికి. ఒక్కరోజు ఆలస్యమైంది.

శవాన్ని మొదట చూసిన కావలికారు గౌరయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పుడు చూసినవ్?"

"పొద్దుగాల సారూ. గొడ్లను తోలుకొస్తుంటే కుక్కలు మొరిగినయ్. సూస్తే గిట్ల పడున్నడు."

"గద్దె నిండా ఈ సున్నమేంది?"

"దొరగారు రాయికి సున్నమెయ్యమన్నరు సారూ. రేపు పెద్దసారు సూడనీకె వస్తడంట గదా. మొన్న మాపటికి రెండు గంపలు నేనే మోసిన. మేళ్లచెరువు దిక్కు బట్టీల కాల్చిన రాయి. నిన్న గంప బోర్లపడ్డట్టుంది, గడ్డలన్ని గద్దె మీదనే చెదిరినయ్."

"సున్నం వేసింది నువ్వేనా?"

"నేను గంపలు దించుడే సారూ. ఏసినోళ్లు వేరే. నిన్నంత ఎవ్వర్ని ఇటు రానియ్యలే." గౌరయ్య ఆ మాట చెప్పి, చెప్పకుండా ఉంటే బాగుండేదన్నట్టు నేల చూశాడు.

"నిన్న వాన ఎప్పుడు పడ్డది?"

"రెండింటికి మొదలైంది. గంటసేపు దంచికొట్టింది. మళ్ల సుక్క లేదు."

దానియేలు గద్దెను మెల్లగా చుట్టి వచ్చాడు. రాతి మనిషి ఎడమచేత కత్తి పట్టుకుని ఉన్నాడు. కుడిచెయ్యి మణికట్టు దాకానే ఉంది. విచిత్రమేమంటే రాయికంతటికీ సున్నం లేదు. పాదాల దగ్గర మాత్రం జానెడు మేర మందంగా మెత్తారు. వేలితో నొక్కితే ఇంకా పచ్చిగానే ఉంది.

అప్పుడే సవారి బండి వచ్చి ఆగింది. ముకుందరావు దొర దిగాడు. యాభై ఏళ్ల మనిషి, పలచని మల్లు ధోవతి, నోట్లో కిళ్లీ. శవానికి నాలుగు గజాల దూరంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బండివాడు చాయ్ పోశాడు. దొరకూ పరాంకుశరావుకూ పింగాణీ కప్పులు. దానియేలుకు మట్టి ముంత.

"నీది మిర్యాలగూడ గదా?" అన్నాడు దొర. "మిషన్ బడిల చదివినవంట. మంచిదే. మీవోళ్లు గూడ టోపీ పెట్టెటంత దూరం వచ్చిండ్రు."

"నన్ను ఇన్‌స్పెక్టర్ సాబ్ అంటరు దొరా."

దొర కిళ్లీ నములుతూ పరాంకుశరావు వైపు చూసి నవ్వాడు. పరాంకుశరావు కూడా నవ్వాడు. వాళ్లిద్దరి మధ్య ఈగలు ముసురుతున్న శవం ఉందన్న ధ్యాస ఇద్దరికీ లేదు. దానియేలు ముంత చేతిలోనే ఉంచుకున్నాడు, తాగలేదు.

"మీ పట్టం మొదట ఎట్ల వచ్చింది? మీ నోటితోనే చెప్పండి."

"ఊరంతా ఎరిగిందే. మూడొందల ఏండ్ల కింద దండు మీదికొచ్చింది. అందరు పారిపోయిండ్రు. మా మూలపురుషుడు ఒక్కడే గవిని కాడ నిలబడ్డడు. తలుపు గడియ ఇరిగితే తన కుడిచెయ్యి గడియ లెక్క దూర్చిండు. చెయ్యి తెగింది గని తలుపు తెరుసుకోలే. రాజు ఆ తెగిన చెయ్యి సూసి, గవినిదొర అని పేరు పెట్టి పట్టం కట్టిండు. అందుకే పట్టం కట్టుకునే దినం మా ఇంటోడు కుడిచెయ్యి ఎర్రగుడ్డల చుట్టి దాసుకుంటడు. కత్తి ఎడమచేత్తోని అందుకుంటడు. ఇప్పటిదాంక గదే రివాజు."

"రాజు చూసింది తెగిన చెయ్యినా, చెయ్యి తెగిన మనిషినా?"

నములుతున్న దవడ ఒక్కసారి ఆగింది. "రెండొకటే గదా."

"ఒకటి కాదు దొరా. చెయ్యిని ఎవరైనా మోసుకుపోవచ్చు."

"దానియేలు గారూ!" పరాంకుశరావు గొడుగు మూశాడు. "పెద్దమనిషిని ఇలా అడగడం బాగోలేదు. ఎప్పుడో చచ్చిన రాజుల సంగతి మనకెందుకండీ? హత్య జరిగింది రాత్రి. కాగితం తడవలేదు చూశారా? వాన వెలిశాక, చీకటి పడ్డాక జరిగింది. పాండు రాత్రి గుడిసెలో ఉన్నాడని చెప్పే సాక్షి ఒక్కడూ లేడు."

"కాగితం వాన తర్వాతే పెట్టిండ్రు. ఒప్పుకుంటాను. మనిషిని మాత్రం వానకు ముందే చంపిండ్రు."

"ఏ దివ్యదృష్టితో తెలిసిందో!"

దానియేలు గద్దె మీది తెల్లటి పిండిలో చెప్పుకాలు ఆనించాడు. "మీ దిక్కు గవ్వసున్నం కదా, మీకు తెలిసుండదు. కాల్చిన రాతి గడ్డకు నీళ్లు తగిలితే పొంగి పిండవుతుంది. నిన్నటి వానకు గద్దె మీది గడ్డలన్నీ అట్లాగే పిండైనయ్. గౌరయ్యా, ఒక పట్టు పట్టు."

దానియేలు ముంత కింద పెట్టాడు. ఇద్దరూ కలిసి శవాన్ని పక్కకు ఒరిగించారు. వీపు కింద పిండి లేదు. అరచేతిలో పట్టేంత గడ్డలు, గట్టిగా, అంచులు అరగకుండా, బట్టీ నుంచి వచ్చిన తీరుగానే ఉన్నాయి. వాటి మధ్య ఐలన్న చేతివేళ్లు నేలను గీరిన గీతలు. గౌరయ్య మొహం తిప్పుకున్నాడు.

దానియేలు ఒక గడ్డ తీసి దొర కుర్చీ ముందు నేల మీద పెట్టాడు. ముంత అందుకుని చాయ్ అంతా దాని మీద పోశాడు. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత గడ్డ బుస్సుమంది. పగుళ్లు విచ్చి, ఆవిరి కక్కుతూ, ఉబ్బి, చూస్తుండగానే విడిపోయి పిండైంది. వేడికి దొర పాదాలు వెనక్కి లాక్కున్నాడు.

"చాయ్‌కు మెహర్బానీ," అన్నాడు దానియేలు. "వాన పడకముందు నుంచి శవం ఈ గడ్డల మీద ఉంది కాబట్టే ఇవి తడవలేదు. అంటే హత్య రెండింటికి ముందు. ఇక పాండు సంగతి. పరాంకుశరావు గారూ, ఊరు దాటాలంటే మీ ఠాణా పాసు కావాలి. నిన్న పాండుకు పాసు ఇచ్చిందెవరు?"

పరాంకుశరావు మూసిన గొడుగును మళ్లీ తెరిచాడు.

"పొద్దున ఏడింటికి మీరే ఇచ్చిండ్రు. దొరగారి మిరప బస్తాల బండి తోలుకొని సూర్యాపేట పోయిండు. పన్నెండు మైళ్లు. పదకొండింటికి సూర్యాపేట పోలీసు నాకా కాడ ముద్ర, సాయంత్రం నాలుగింటికి తిరుగు ముద్ర. రాత్రి ఎనిమిదింటికి పాసు వాపస్ తీసుకున్నట్టు మీ సంతకం. పొద్దున ఠాణాలో మీ బల్ల మీదనే చూసినా. మీ ముద్దాయి నిర్దోషి అని మీరే రాసి పెట్టుకుని, మళ్లీ అతన్ని లారీ ఎక్కిస్తున్నరు."

పరాంకుశరావు మెడ నరాలు ఉబ్బాయి. ఈ కేసు మీద అతను ప్రమోషన్ కోసం పై అధికారికి అప్పుడే తంతి కొట్టించాడని ఠాణాలో జవానులు చెప్పుకోవడం దానియేలు విన్నాడు.

"సరేనండీ," అన్నాడు చివరికి పళ్ల సందుల్లోంచి. "వదిలేస్తాను. రూలు ప్రకారం వదిలేస్తాను. చాలా?"

"చాలు. లారీ రాకముందే."

దొర లేచి నిలబడ్డాడు. అతని మొహంలో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్న మనిషిలాగా ఒక నిమిషం పాటు దానియేలును చూసి, పరాంకుశరావును తన బండిలోనే రమ్మన్నాడు. ఇద్దరూ కలిసి వెళ్లిపోయారు.

బండి కనుమరుగయ్యాక దానియేలు జేబుకత్తి తీశాడు. రాతి పాదాల దగ్గరి పచ్చి సున్నాన్ని గీరాడు. మొదట ఒక గుండ్రటి అంచు బయటపడింది. తర్వాత దాన్ని భుజానికి తగిలించుకునే పట్టీ, పక్కన రెండు పుల్లలు.

"డప్పు," అన్నాడు గౌరయ్య గొంతు తగ్గించి. "చిన్నప్పటి సంది సూస్తున్న సారూ. దొరల తాతకు డప్పెందుకని ఎన్నడు అడగలే."

డప్పు కొట్టేవాడి రాయిని మూడొందల ఏళ్లుగా తమ తాత రాయిగా చూపించుకుంటున్నారు. అధికారి చూస్తాడనగానే డప్పును మూశారు. మూస్తూ ఉంటే మనిషి నోరు కూడా మూయాలని గుర్తొచ్చినట్టుంది. దానియేలు కత్తిని తుడిచి జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి కడుక్కోవాలనిపించింది.

ఇక మిగిలిన ప్రశ్న ఒకటే. ఆ డప్పు మనిషి ఎవరు? చెప్పగలవాడు చచ్చిపోయాడు. అక్కడే అతనికి అకినోలా గుర్తొచ్చాడు.

బర్మాలోని అరకాన్ అడవుల్లో దానియేలు గుడారం పక్కనే ఆఫ్రికా దళం ఉండేది. అందులో నైజీరియా సిపాయి అకినోలా, యొరుబా జాతి మనిషి, ఇబాదాన్ ఊరివాడు. వచ్చీరాని హిందుస్తానీలో తమ ఊరి 'బలోగున్' పట్టం గురించి చెప్పేవాడు. దండుకు ముందు నడిచి పోరాడినవాడి పేరది. తమ ఊళ్లో అది తండ్రి నుంచి కొడుక్కు రాదు, కింది మెట్టు నుంచి ఒక్కొక్కటే ఎక్కుతూ పోవాలి. మరి మీ దొరలకు పేరు ఎట్లా వస్తుందని అతనడిగితే, 'పుడితే చాలు, వస్తుంది' అన్నాడు దానియేలు. అకినోలా పడీపడీ నవ్వాడు. ఆ రోజే ఇంకో మాట కూడా అన్నాడు: "పేరు ఎట్లా పుట్టిందో సంతలో పాడేవాణ్ణి అడగకు భాయ్. వాడు ఎదుట కూర్చున్నవాణ్ణి చూసి పాడతాడు. ఇంట్లో ఆడవాళ్లను అడుగు. పొగడ్త మొత్తం వాళ్ల నోటికి వచ్చు."

దానియేలు ఊరి చివర ఐలన్న గుడిసె వైపు నడిచాడు.

ఐలన్న భార్య సుక్కి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎండిపోయాయి. దానియేలు వాకిట్లో నేల మీదనే కూర్చున్నాడు.

"నిన్న ఎందుకు పోయిండమ్మా గవిని కాడికి?"

"దొర మనిషొచ్చి పిలిచిండు. బువ్వ తింటుండె. రేపు సర్కారు ముందర చెప్పేటి కత రాయి ముందర ఒక్కపారి చెప్పి సూపియ్యమన్నడంట దొర. గప్పుడు పొద్దు నడినెత్తి మీదుండె. ఇగ రాలే. దొర ఇంట్లనే ఆపుకున్నరనుకున్న."

"దొర చెప్పమన్న కత వేరు, ఐలన్న చెప్పాలనుకున్న కత వేరు. అంతే కదా?"

సుక్కి తలెత్తింది. "నువ్వు గూడ ఠాణోనివే గదా బిడ్డా."

"ఔను. కాని దొర చాయ్ తాగలేదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని ముందుకు జరిగింది. "వాళ్లు చంపింది ఒట్టి ఆయన్నే. కత నాకూ వచ్చు. మా అత్త నేర్పింది. నడుమ ఏడు మాటలున్నయ్. మొగోళ్లు దొర ముందర చెప్పేటప్పుడు గవ్వి దాటేస్తరు. ఇంట్ల ఆడోళ్లం మాత్రం మరువొద్దు."

"చెప్పు తల్లీ."

ఆమె పాడలేదు. మామూలు మాటల్లో, బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు ఒక్కొక్కటే తీసి పెట్టింది.

"గవిని కాడ నిలబడ్డది డప్పు సర్వడు. దండొస్తుందని ఊరు లేపనీకె డప్పు కొట్టింది ఆయనే. గడియ ఇరిగితే చెయ్యి దూర్చింది ఆయనే. తెల్లారేదాంక తలుపును ఆపిండు, నెత్తురు కారి కారి పానం ఇడిసిండు. దొరల తాత గప్పుడు యాడున్నడో ఎరికేనా? జొన్నల పాతర్ల. దండు పోయినంక బయటికొచ్చిండు. గడియలకెల్లి ఆ చెయ్యి గుంజి, దాని కడియం ఊడబెరికి, ఎర్రగుడ్డల సుట్టుకొని రాజు కాడికి పోయిండు. తన చెయ్యి అంగి లోపట కట్టుకొని, తెగింది నాదే అన్నడు. ఇగ బతికినన్నాళ్లు కుడిచెయ్యి బయటికి తియ్యలే. సచ్చేదాంక ఎడమచేత్తోనే తిన్నడు."

దానియేలుకు పొద్దున చూసిన ముసలివాడి నోరు కళ్ల ముందు మెదిలింది. ఆ చెయ్యి దాచిన గుడ్డనే మూడొందల ఏళ్లుగా ఊరేగిస్తున్నారు. దానికి హారతులు పడుతున్నారు.

"సర్వని పెండ్లాం పిల్లలు?"

"ఆమె నోరు తెరవకుండ ఏడాదికింత జొన్నలు కొలిచిండ్రు. మీదికెల్లి, పట్టం కట్టిన ప్రతిసారి దొర ముందర డప్పు కొట్టాల్సింది సర్వని ఇంటోళ్లే. గిది రివాజని చెప్పిండ్రు." ఆమె అరచేత్తో నేలను చరిచింది. "వాళ్ల తాత చెయ్యి మోసుకపోయినోళ్ల ముందర, వాళ్లే కొట్టాలె బిడ్డా."

"ఐలన్న రేపు ఇదంతా చెప్పబోయిండా?"

"చెప్త అన్నడు. సచ్చేలోపల ఒక్కపారి ఏడు మాటలు గలిపి చెప్త అన్నడు. సర్వని ఇంటోడే వచ్చి వద్దని కాళ్లు మొక్కిండు. నాకు భూమొద్దు పేరొద్దు, నిన్నూ నన్నూ బతకనియ్యరు, నోరు మూసుకో తాతా అని ఒర్రిండు. వాకిట్ల నలుగురు సూసిండ్రు. కొట్లాట అనుకున్నరు."

దానియేలు వెన్ను నిటారుగా అయింది. "ఎవరు? ఆ ఇంట్లో ఎవరున్నరు ఇప్పుడు?"

"ఇగ ఒక్కడే మిగిలిండు బిడ్డా. మీ ఠాణల ఉన్నడు గదా. పాండు."

గడియారం మూడుకు ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. సుక్కిని గౌరయ్య ఇంట్లోకి పంపి, గడియ పెట్టుకోమని చెప్పి, దానియేలు ఠాణా దాకా ఆగకుండా పరుగెత్తాడు.

పరాంకుశరావు అప్పుడే భోంచేసి, ఖైదీల కొట్టు ముందు మంచం మీద ఒరిగి పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. వెనక కొట్టు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు.

"పాండు ఏడీ?"

"అదేమిటండీ, మీరేగా వదిలెయ్యమన్నారు. మీరు చెప్పినట్టే చేశాను." పరాంకుశరావు పుల్ల పారేశాడు. "ఊళ్లో పరువుగల మనిషి జామీను ఉండాలని రూలు. ముకుందరావు గారు నా వెంటే వచ్చి స్వయంగా సంతకం పెట్టారు. ఎంత పెద్ద మనసో చూడండి. కాళ్లు వాచి నడవలేకపోతున్నాడని తన బండిలోనే ఎక్కించుకున్నారు."

"ఎప్పుడు?"

"రెండున్నరకి."

"బండి ఊళ్లోకి రాలేదు. నేను వచ్చింది ఆ తోవనే." దానియేలు గుమ్మం వైపు తిరిగాడు. "ఎటు పోయింది?"

గుమ్మం దగ్గర నిలబడ్డ జవాను తల గోక్కున్నాడు. "దక్షిణం దిక్కు మలుపుకున్నరు సారూ. కృష్ణ ఒడ్డు తొవ్వ. వెనక రెండు గుర్రాలు గూడ పోయినయ్."

దానియేలు బల్ల మీది జీపు తాళం లాక్కున్నాడు. పరాంకుశరావు మంచం మీది నుంచి లేస్తూ అరిచాడు: "ఆగండి! అది నా జీపు! ఇంతకీ ఎందుకా కంగారు? వాడు సంతోషంగానే వెళ్లాడండీ. బండి ఎక్కుతూ మీ పేరడిగి తెలుసుకున్నాడు. నన్ను ఇడిపించిన మిర్యాలగూడ సారుకు నా దండాలు చెప్పుండ్రి అని, రెండు చేతులూ ఎత్తి మొక్కి మరీ పోయాడు."